ఒంటరి నావికుడు జోషువా స్లోకమ్

1892 వ సంవత్సరం శీతకాలంలో, అమెరికాలోని బోస్టన్ రేవులో, పని దొరకని ఓడ కెప్టెన్ ఒకడు దిక్కు తోచక తిరుగుతూ ఉండేవాడు. అతనికి అప్పటికి 48 ఏళ్ళు. పసితనం నుంచి సముద్రం తప్ప వేరొక బ్రతుకు ఎరుగడు. తెరచాప ఓడలను నడపడంలో అతనికి సాటి రాగలవారు కొద్దిమందే. అయితే ఆ విద్యకు అప్పటికే గిరాకీ పోయింది. పొగ ఓడలు సముద్రాలను ఆక్రమించుకున్నాయి. పోనీ పడవలు కట్టేచోట కూలికి చేరుదామంటే, ముందుగా ఒక సంఘానికి 50 డాలర్లు చెల్లిస్తే గాని లోపల అడుగు పెట్టనీయలేదు. మన కోరంగి రేవున పుట్టిన తెరచాప ఓడలకూ, వాటిని నమ్ముకున్న సరంగులకూ కళాసీలకూ పొగ ఓడల మూలంగా పట్టిన గతి ఎరిగినవారికి ఆ కెప్టెన్ మనఃస్థితి వేరే వర్ణించి చెప్పనక్కరలేదు.

అతని పేరు జోషువా స్లోకమ్. ఆ శీతకాలంలో అతనికి పూర్వ పరిచితుడు, తిమింగిలాల వేటలో ధనం గడించిన ఈబెన్ పియర్స్ అనే వృద్ధ కెప్టెన్ తటస్థపడి, ఫెయిర్ హేవెన్ గ్రామానికి వస్తే ఒక ఓడను ఇస్తాననీ, కొంచెం మరమ్మతు మాత్రం అవసరమనీ చెప్పాడు. మరునాడే స్లోకమ్ ఆశతో అక్కడికి పోయాడు. తీరా చూస్తే, సముద్రానికి ఎడంగా ఒక పొలంలో, ఊతకొయ్యల మీద, గుడ్డ కప్పి, ఒక పాత పడవ నిలబెట్టి ఉన్నది. ముత్యపు చిప్పల జాతి ఆల్చిప్పలను పట్టడానికి ఏనాడో వాడిన ఆ పడవ పేరు “స్ప్రే”, అనగా సముద్రపు తుంపర. ఏడేళ్ళుగా ఎండకు వానకు శిథిలమవుతున్న ఆ పడవను చూపి ఇరుగుపొరుగు పియర్స్‌ను పరిహసించేవారు. ఇప్పుడు ఆ పరిహాసం స్లోకమ్ నెత్తికి ఎత్తినట్లయింది. అతడు మాత్రం నవ్వి ఊరుకోలేదు. గొడ్డలి పుచ్చుకొని ఓక్ చెట్టు కొట్టడానికి పోయాడు.

అంతటి పంతం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే కొంత వెనుకకు పోవాలి. స్లోకమ్ 1844 వ సంవత్సరం ఫిబ్రవరి 20 వ తేదీన, నేటి కెనడాలోని నోవా స్కోషియాలో, ఫండీ అఖాతం దాపున జన్మించాడు. తండ్రి కొంతకాలానికి బ్రయర్ ఐలండ్ అనే చిన్న ద్వీపానికి కాపురం మార్చి, బెస్తవారికి బూట్లు కుట్టే దుకాణం పెట్టాడు. ఎదుట సముద్రం, లోపల పచ్చితోళ్ళ కంపు. బాలుడు రహస్యంగా ఒక చిన్న ఓడ బొమ్మ చెక్కుతుండగా తండ్రి చూసి, కోపం పట్టలేక దానిని నేలకేసి కొట్టి ముక్కలు చేశాడు. ఆ బాలుడు 14 ఏళ్ళ వయస్సున ఇల్లు విడిచి, చేపల పడవలో వంటవాడుగా చేరాడు. 1860 లో తల్లి మరణించిన తరువాత ఆ ఇంటితో అతనికి బంధం తీరిపోయింది.

తరువాతి ముప్పై సంవత్సరాలు క్లుప్తంగా చెప్పుకోవచ్చు. కళాసీగా చేరినవాడు కెప్టెన్ అయ్యాడు, అమెరికా పౌరుడయ్యాడు. 1871 లో సిడ్నీ నగరంలో వర్జీనియా వాకర్ అనే యువతిని వివాహమాడాడు. ఆమె భర్తతో పాటు ఓడలోనే కాపురముండి, ఓడలోనే బిడ్డలను కన్నది. ఫిలిప్పీన్స్‌లో పడవలు కట్టించాడు, అలాస్కా తీరంలో చేపలు పట్టించాడు, “నార్తర్న్ లైట్” అనే గొప్ప ఓడలో వాటాదారుడై దానిని నడిపాడు. అయితే 1884 లో, “అక్విడ్‌నెక్” అనే తమ ఓడ బ్యూనస్ ఎయిర్స్ వద్ద ఉండగా వర్జీనియా మరణించింది. ఆమెతో పాటే అతని అదృష్టమూ పోయిందని తరువాత బిడ్డలే చెప్పుకునేవారు. 1886 లో హెన్రియెట్టా అనే బంధువుల పిల్లను పెళ్ళాడాడు. 1887 లో కళాసీలు తిరగబడిన ఒక రాత్రి అతడు తుపాకి పేల్చగా ఒకడు చనిపోయాడు. న్యాయస్థానం ఆత్మరక్షణగా ఎంచి విడిచిపెట్టింది. అదే సంవత్సరం చివర బ్రెజిల్ తీరంలో ఇసుకమేటకు తగిలి ఆ ఓడ కూడా నాశనమైంది.

పరదేశంలో, చేతిలో ధనం లేక, భార్యా ఇద్దరు కొడుకులతో ఒడ్డున పడిన మనిషి ఏమి చేస్తాడు? స్లోకమ్ చేసిన పని ఏమిటంటే, దొరికిన కలపతో 35 అడుగుల పడవ ఒకటి స్వయంగా కట్టి, దానికి చీనా పద్ధతి తెరచాపలు ఎత్తి, కుటుంబాన్ని అందులో ఎక్కించుకొని స్వదేశానికి ప్రయాణమయ్యాడు. ఆ పడవ నీట దిగిన 1888 మే 13 వ తేదీనే బ్రెజిల్‌లో బానిసలకు విముక్తి కలిగింది. అందుచేత దానికి పోర్చుగీసు భాషలో స్వేచ్ఛ అనే అర్థం వచ్చే “లిబర్దాదె” అని పేరు పెట్టాడు. అయిదు వేల మైళ్ళకు పైగా సాగిన ఆ ప్రయాణం క్షేమంగా ముగిసింది. హెన్రియెట్టా మాత్రం ఆపైన మరెన్నడూ భర్తతో సముద్రయానానికి ఇష్టపడలేదు. ఆమెను తప్పు పట్టగలవారెవరు?

ఇక ఫెయిర్ హేవెన్ పొలానికి తిరిగి వద్దాం. స్లోకమ్ ఆ పాత పడవలోని పుచ్చిన కొయ్యను ఒక్కొక్క ముక్కగా తీసి, దాని స్థానే కొత్త కొయ్య వేస్తూ వచ్చాడు. అడుగు దూలానికి గట్టి తెల్ల ఓక్, పక్క పలకలకు అంగుళంన్నర మందం గల జార్జియా పైన్. పలకల సందుల్లో నార దట్టించి కీలు పోసి, అడుగుకు రెండు పూతలు రాగి రంగు పూశాడు. ఈ రాగి రంగు అలంకారం కోసం కాదు. వెచ్చని సముద్రాలలో కొయ్యను తొలిచే పురుగు ఒకటి ఉన్నది. పై పూత లేని పడవను అది లోపల జల్లెడ చేస్తుంది. తిమింగిలాల వేట మానుకున్న ముసలి కెప్టెన్లు రోజూ వచ్చి కూర్చొని, పని చూసి మెచ్చుకొని పోతుండేవారు. 13 నెలలకు పని పూర్తి అయింది. పడవ పొడవు 36 అడుగుల 9 అంగుళాలు, వెడల్పు 14 అడుగుల 2 అంగుళాలు. సామగ్రికైన మొత్తం ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లు. చివర చేపలు పట్టి జీవిద్దామని ఒక రుతువంతా ప్రయత్నించి, గాలానికి సరిగా ఎర గుచ్చడం కూడా తనకు రాదని గ్రహించాడు. అప్పుడే ఈ పడవలో ఒంటరిగా భూమి చుట్టి రావాలనే సంకల్పం స్థిరపడింది. అంతకు పూర్వం ఆ పని చేసినవారు ఎవరూ లేరు.

1895 ఏప్రిల్ 24 వ తేదీన బోస్టన్ నుంచి లంగరు ఎత్తాడు. సిద్ధం చేసుకున్న తీరు చూడదగినది. రేవులో ఒడ్డుకు పోయి రావడానికి చిన్న పడవ కావలసి ఉండగా, ఒక చేపల పడవను అడ్డంగా కోసి సగం ఉంచుకున్నాడు. అది స్నానానికీ బట్టల ఉతుకుడుకూ తొట్టిగా కూడా పనికివచ్చింది. కాలమాన యంత్రం ఒకటి ఉన్నది గాని, దానిని శుభ్రం చేయించడానికి 15 డాలర్లవుతుందని తెలిసి ఇంటనే వదలివేశాడు. యార్మత్‌లో రేకు గడియారం ఒకటి కొన్నాడు. ధర డాలరున్నర, అద్దం పగిలి ఉన్నందున అంగడివాడు ఒక డాలరుకు ఇచ్చాడు. కాలాంతరాన దాని నిమిషాల ముల్లు ఊడిపోగా, గడియారాన్ని నీళ్ళలో ఉడకబెట్టి మళ్ళీ నడిపించాడు.

తెలిసినవాడు కూడా పొరపాటు చేస్తాడు. అజోర్స్ దీవులలో బహుమానంగా వచ్చిన రేగు జాతి పండ్లను, తెల్లని జున్నును కలిపి ఆబగా తిని, సముద్రం మీద కడుపునొప్పితో స్పృహ తప్పాడు. ఆ జ్వరపు కలవరంలో, కొలంబస్ పడవలలో ఒకటైన “పింటా” నావికుడు వచ్చి చుక్కాని పట్టినట్లు అతనికి కనిపించింది. తెల్లవారి చూసుకుంటే స్ప్రే తుఫానులో 90 మైళ్ళు నడిచి, దారి తప్పకుండా ఉన్నది. ఆ పడవకు గల గొప్ప గుణం అదే. పొడవైన అడుగు దూలం, తెరచాపల అమరిక సరిగా కుదిరి, చుక్కానిని తాడుతో కట్టివేస్తే తనంతట తాను నేరుగా పోయేది. ఒంటరివానికి నిద్ర కావాలి గదా! పింటా నావికుడు వచ్చినా రాకపోయినా, ఆ రాత్రి అతనిని కాపాడినది ఈ గుణమే.

జిబ్రాల్టర్ చేరిన తరువాత, మధ్యధరా సముద్రం మీదుగా పోతే దొంగల భయమని అక్కడి నౌకాదళ అధికారులు హెచ్చరించగా, దిశ మార్చి దక్షిణ అమెరికా కొసకు మరలాడు. తీరా మొరాకో దొంగల పడవే వెంటబడింది గాని, దాని కొయ్య విరిగి ఆగిపోయింది. మెగెల్లాన్ జలసంధిలో గడిపిన నెలలు మిక్కిలి దారుణమైనవి. పుంటా అరెనాస్‌లో ఒక కెప్టెన్ అతనికి తివాచీలకు కొట్టే చిన్న మేకులు ఒక సంచెడు ఇచ్చాడు. రాత్రివేళ వాటిని పడవ పైభాగమంతా చల్లి లోపల నిద్రపోయాడు. చీకటిలో చప్పుడు కాకుండా ఎక్కిన స్థానికులు చెప్పులు లేని కాళ్ళతో మేకులు తొక్కి, కేకలు వేస్తూ నీళ్ళలోకి దూకారు. ఆ స్థానికులను అతడు దొంగలుగానే చూశాడు. తెల్లవారు వచ్చి ఆ జాతికి చేసిన కీడు అతని లెక్కలోకి అంతగా రాలేదని నేటి పాఠకునికి తోచక మానదు. ఆ జలసంధి చివరి రేవు నుంచి ఆరుమార్లు గాలి వెనుకకు నెట్టగా, ఏడవమారు 1896 ఏప్రిల్ 13 వ తేదీన పసిఫిక్ మహాసముద్రంలో పడ్డాడు.

ఇక్కడి నుంచి ఈ కథ ద్వీపాల కథ. మొదట జువాన్ ఫెర్నాండెజ్ దీవి. 1704 నుంచి 1709 వరకు అలెగ్జాండర్ సెల్కిర్క్ ఏకాకిగా బ్రతికినది ఇక్కడనే. రాబిన్సన్ క్రూసో కథకు అతని అనుభవమే ఆధారమంటారు. స్లోకమ్ వద్ద జలసంధిలో దొరికిన కొవ్వు పీపాలు ఉన్నాయి. ఆ కొవ్వులో పిండివంటలు వేయించడం దీవివాసులకు నేర్పి, కొవ్వును వారికే అమ్మాడు. వారు ఎప్పుడో మునిగిన ఓడలో దొరికిన పాత నాణేలు ఇవ్వగా, వాటిని ఆ తరువాత పురావస్తు ప్రియులకు అధిక వెలకు అమ్ముకున్నాడు. మిగిలిన కొవ్వు సమోవాలో సబ్బు చేసేవానికి పోయింది. చేతిలో పైకం లేకుండా బయలుదేరినవాడు దారి ఖర్చు ఇట్లు సంపాదించుకున్నాడు. చివరి రోజు మాత్రం వ్యాపారం కట్టిపెట్టి, దీవి పిల్లలతో కొండల్లో పండ్లు కోస్తూ గడిపాడు.

అక్కడి నుంచి సమోవా వరకు 72 రోజులు నేల మీద కాలు పెట్టలేదు. మన భూగోళ పాఠాలలో చదివే వ్యాపార పవనాలు ఎటువంటివో ఆ దినాలే చెబుతాయి. ఆగ్నేయం నుంచి రాత్రింబవళ్ళు ఒకే తీరున గాలి వీస్తుంది. ఆ పవనాల వెంట పడమరగా పోయేవానికి సముద్రం రాజమార్గం; ఎదురు పోదలచినవానికి అదే నరకం. చుక్కాని కట్టివేసి స్లోకమ్ పుస్తకాలు చదువుతూ కూర్చున్నాడు. రాత్రి తెరచాపలకు తగిలి పడిన ఎగిరే చేపలు ఉదయం భోజనానికి సిద్ధంగా ఉండేవి. ఏకాంతం మొదట బాధించింది. తనకు తానే బిగ్గరగా ఆజ్ఞలిచ్చుకునేవాడు. నిర్జన సముద్రంలో ఆ గొంతు తనకే వింతగా తోచి మానివేశాడు. తరువాత పాటలు పాడితే సముద్రపు తాబేళ్ళు తలలెత్తి చూసేవట.

43 వ రోజున చంద్రునికీ సూర్యునికీ మధ్య గల కోణాన్ని కొలిచి తాను ఉన్న రేఖాంశం గుణించాడు. జవాబు తన అంచనాకు వందల మైళ్ళు పడమరగా వచ్చింది. మరల కొలిచాడు, మరల అదే తీరు. తాను తప్పు చేయలేదని నమ్మకం కుదిరిన మీదట గణిత పట్టికలను వెదకగా, అచ్చులోనే ఒక అంకెల వరుస తప్పు పడి ఉన్నది. దిద్ది గుణిస్తే లెక్కకూ అంచనాకూ అయిదు మైళ్ళ భేదం మాత్రమే మిగిలింది. మార్క్వెసాస్ దీవులలోని నుకు హివా ఉండవలసిన చోటనే కనిపించింది. మూడవ ఫారం వరకైనా బడికి నిలిచి చదవని ఈ మనిషి, అచ్చు పుస్తకం తప్పని చెప్పగలిగిన ఆ మధ్యాహ్నం నాకు అతని జీవితమంతటిలోకి ప్రియమైన ఘట్టం. లెక్కల ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగినది.

జులై 16 వ తేదీన సమోవాలోని ఆపియా చేరాడు. రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ అక్కడనే 1894 లో కన్నుమూశాడు. అతని భార్య ఫానీ ఈ నావికుని ఆదరించి, భర్త ఎన్నోమార్లు చదువుకున్న సముద్ర మార్గదర్శక గ్రంథాలను చేతిలో పెట్టింది. స్టీవెన్సన్ రాసుకున్న బల్ల వద్ద కూర్చొని రాసుకోమన్నా స్లోకమ్‌కు ధైర్యం చాలలేదు. ఆ రేవు అందమైనదే గాని నమ్మరానిది. 1889 మార్చిలో వచ్చిన తుఫానుకు అక్కడ లంగరు వేసి ఉన్న జర్మనీ, అమెరికా యుద్ధనౌకలు ఆరు మునిగో, ఒడ్డెక్కో పోయాయి; బయటి సముద్రానికి ఎదురేగిన బ్రిటిషు నౌక ఒక్కటే బ్రతికింది. దక్షిణార్ధగోళపు వెచ్చని సముద్రాలలో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుఫానుల కాలం. 1977 నవంబరులో దివిసీమ పాలయిన ఉప్పెన ఎరిగిన మనకు తుఫాను మాట కొత్తది కాదు. స్లోకమ్ ఆగస్టులోనే సమోవా విడిచి, ఆ ప్రమాదపు నెలలను ఆస్ట్రేలియా దక్షిణ భాగంలోనూ టాస్మానియాలోనూ గడిపాడు. మెల్బోర్న్‌లో తాను పట్టిన సొరచేపను ఆరేసి పెన్నీల చొప్పున చూపి నాలుగు డబ్బులు కూడా చేసుకున్నాడు. మరల ఉత్తరానికి తిరిగినది 1897 లో, వాతావరణం కుదుటపడిన తరువాతనే.

1897 జూన్ 24 వ తేదీన థర్స్‌డే ఐలండ్ విడిచి హిందూ మహాసముద్రంలో ప్రవేశించాడు. గమ్యం కీలింగ్ కోకోస్ దీవులు. ఇవి పగడపు దీవులు; నీటి మట్టానికి కొద్ది అడుగుల ఎత్తు మాత్రమే ఉంటాయి. పర్వతం గల దీవి యాభై మైళ్ళకు కనిపించవచ్చు. ఇటువంటి దీవి దగ్గరకు వచ్చేదాకా కంటబడదు. పక్కగా దాటిపోతే ముందు చాలా దూరం వరకు నేల లేదు. స్లోకమ్ మొదట పక్షులను కనిపెట్టాడు. ఒక తెల్లని పక్షి పడవ పైన తిరిగింది. వెంటనే కొయ్య సగం దాకా ఎక్కి చూడగా, ఎదుట నీటిలో నుంచే మొలిచినట్లు కొబ్బరి చెట్ల తలలు కనిపించాయి. 2,700 మైళ్ళు, 23 రోజులు. అందులో అతడు చుక్కాని పట్టినది మూడు గంటల కంటె తక్కువ.

ఇంత పెద్ద దూరాలు దాటినవాడు, అదే దీవిలో, సరస్సు వంటి లోతట్టు నీటిలో దాదాపు ప్రాణం పోగొట్టుకున్నాడు. మరొకరి చిన్న పడవలో తోడు ఒకనిని పెట్టుకొని పోతుండగా గాలి చెదిరి తెరచాప పని చేయలేదు. చూస్తే పడవలో తెడ్డు లేదు. లంగరు ఉన్నది గాని దానికి చాలినంత తాడు లేదు. పడవ బయటి సముద్రం వైపు కొట్టుకుపోసాగింది. ఆ దిక్కున 3,000 మైళ్ళ అవతల ఆఫ్రికా. దైవవశాత్తు ఒక గెడకర్ర దొరికింది. దానినే తెడ్డుగా వేసి, లోతు తక్కువ చోటికి చేరి, నేలకు ఊని బయటపడ్డారు. స్లోకమ్‌కు ఈత కూడా రాదు. పెద్ద ప్రయాణానికి తీసుకున్న జాగ్రత్త చిన్న ప్రయాణానికి తీసుకోకపోవడం ద్వీపాలలో తిరిగేవారందరికీ ఉన్న జబ్బే.

రోడ్రిగ్స్ దీవిలో మతగురువు ఒకరు క్రీస్తు విరోధి రాకను గురించి ప్రసంగాలు చేస్తున్న రోజులలో, ఒంటరి మనిషితో తెల్ల తెరచాప రావడం చూసి ఒక ముసలమ్మ తలుపు గడియ వేసుకొని రోజుల తరబడి బయటికి రాలేదు. దక్షిణాఫ్రికాలో అధ్యక్షుడు క్రూగర్ భూమి బల్లపరుపని నమ్మినవాడు. భూమి చుట్టూ ప్రయాణం అన్న మాటనే ఆయన ఒప్పుకోలేదు. భూమిని దాదాపు చుట్టి వచ్చినవాడు ఎదుట నిలిచి ఉండగానే!

సెయింట్ హెలీనాలో ఒక హితుడు తోడుకని మేకను ఇచ్చాడు. అది తాళ్ళు తిన్నది, గడ్డి టోపీ తిన్నది, చివరకు వెస్టిండీస్ దీవుల పటాన్ని నమిలివేసింది. అసెన్షన్ దీవిలో మేకను దింపివేసినా పోయిన పటం రాలేదు. పగడపు దిబ్బలు నిండిన ఆ సముద్రంలో పటం లేనివాని స్థితి గ్రుడ్డివాని స్థితి. ఒక రాత్రి ఎదుట తెల్లగా నురుగు మెరిసింది. అది దిబ్బ మీద విరిగే అల అనుకొని తప్పించుకోవడానికి రాత్రంతా అటూ ఇటూ తిప్పుతూ ఉంటే, ప్రతి పెద్ద అల మీదా అదే మెరుపు. తీరా అది 30 మైళ్ళ దూరాన ట్రినిడాడ్ దీపస్తంభం తిరుగుతూ విసిరిన వెలుతురు. మేకను అతడు ఆ రాత్రి ఎంత తిట్టుకున్నాడో! పగడపు దీవుల నడుమ రాత్రిపూట కదలక, సూర్యుడు నడినెత్తిన గాని వీపు వెనుక గాని ఉండగా నీటి రంగు చూసి పోవడం నేటికీ నావికులు పాటించే నియమం. ఉపగ్రహాలు స్థానం చెబుతున్న ఈ రోజులలో కూడా నీటి అడుగున ఉన్న దిబ్బను కన్నే చూడాలి.

1898 మే 8 వ తేదీన పోయేటప్పటి తన దారిని తానే ఖండించి దాటాడు. భూప్రదక్షిణం పూర్తి అయింది. జూన్ 27 వ తేదీ తెల్లవారుజామున న్యూపోర్ట్‌లో లంగరు వేశాడు. స్పెయిన్‌తో యుద్ధం నడుస్తూ ఉన్నందున రేవు నిండా మందుపాతరలు. ఒడ్డును రాసుకుంటూ లోపలికి వచ్చాడు. మొత్తం 46,000 మైళ్ళు, మూడు సంవత్సరాల రెండు నెలలు. జూలై 3 వ తేదీన ఫెయిర్ హేవెన్ పోయి, పడవ తొలిసారి నీట దిగినప్పుడు కట్టిన గుంజకే మరల కట్టాడు.

1900 లో పుస్తకరూపంలో వచ్చిన అతని యాత్రా వృత్తాంతం పేరు తెచ్చింది. మార్తాస్ వినియార్డ్ దీవిలో చిన్న పొలం కొని సేద్యం చేయబోయాడు గాని మనసు నిలువలేదు. చలికాలం రాగానే స్ప్రేలో వెస్టిండీస్‌కు పోయి, చిప్పలూ పుస్తకాలూ అమ్ముకుంటూ తిరిగేవాడు. కీర్తితో పాటు మచ్చ కూడా ఉన్నది. 1906 లో న్యూజెర్సీలో ఒక బాలిక విషయమైన అభియోగంపై అరెస్టయి, తగ్గించిన నేరారోపణను వ్యతిరేకించక, 42 రోజులు కారాగారంలో ఉన్నాడు. అతని ఆరాధకులు ఈ పుటను దాటవేస్తారు, దాటవేయరాదు. విడుదల అయిన కొద్ది వారాలకే అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ అతనిని ఆదరించాడు. ఆ చివరి సంవత్సరాలలో అతనిని చూసినవారికి మనిషీ పడవా రెండూ శిథిలమవుతున్నట్లు తోచింది. తాళ్ళు చీకిపోయాయి, ఒకనాడు అంత శ్రద్ధతో అమర్చిన పలకలకు మరమ్మతు లేదు.

1909 నవంబరులో, 65 ఏళ్ళ వయస్సున, దక్షిణ అమెరికా నదులు చూడాలని వినియార్డ్ హేవెన్ రేవు నుంచి స్ప్రేలో బయలుదేరాడు. పెద్ద ఓడ ఏదైనా చీకటిలో గుద్దివేసినదో, పాత పలక ఊడిపోయినదో తెలియదు. పడవ ముక్క కూడా దొరకలేదు. పదిహేను సంవత్సరాలు ఎదురు చూసిన తరువాత, 1924 లో న్యాయస్థానం అతడు మరణించినట్లు ప్రకటించింది.